పసుపు పూసిన బోల్టులు

మా మావయ్యగారి కారు చక్రాలకున్న బోల్టులంటే నాకు ఇప్పటికీ కోపమే. ఇనుప ముక్కల మీద కోపమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక మాట అనుకుని, ఆ మాట తాము అనకుండా బోల్టుల చేత అనిపిస్తే మీకైనా కోపం వస్తుంది. కోడలి చేతికి కారివ్వడం కుదరదు అన్నదే ఆ మాట.

తొంభైల చివరి రోజులవి. లింగంపల్లి స్టేషన్ దాటి గోపన్‌పల్లి వైపు వెళ్ళే దారిలో ఒక కాలనీలో ఉండేవాళ్ళం. మావయ్యగారు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరయ్యారు. అత్తయ్యావాళ్ళది తెనాలి దగ్గర. మా ఆయన పటాన్‌చెరులో బ్యాంకు ఉద్యోగి, స్కూటరు మీద వెళ్ళి వచ్చేవాడు. నాది అనంతపురం జిల్లా. మా నాన్నకు పొలం పనులకని ఒక జీపు ఉండేది. పెళ్ళికి ముందే వేరుశెనగ చేల గట్ల మధ్య దాన్ని నడిపి నడిపి, తర్వాత లైసెన్సు కూడా తీసుకున్నాను. ఇంట్లో మగవాళ్ళిద్దరికీ ఆ సంగతి తెలుసు. తెలిసినా వినపడనట్టే ఉండేవాళ్ళు.

మావయ్యగారి కారు లేత నీలం రంగుది. సర్వీసులో ఉండగా ఎవరి దగ్గరో పాతదే కొన్నారు. మా పెళ్ళినాటికే అది బాగా పాతబడింది. అయినా ఇంటి ముందు రేకుల షెడ్డు కింద, మీద దుప్పటి కప్పుకుని, ఇంట్లో ఎవరికీ లేనంత సుఖంగా ఉండేది. గుడికో, బంధువుల పెళ్ళికో మావయ్యగారు బయటికి తీస్తే వీధి మొదట్లోనే హారను కొట్టేవారు. ఆ హారను ఎవరో అడ్డం వచ్చినందుకు కాదు, కారు బయల్దేరిందని అందరూ చూడ్డానికి.

ఇక దసరా వచ్చిందంటే ఆ కారు హడావిడి చూడాలి. పండక్కి ముందే మావయ్యగారు ఒక డబ్బా వెండి రంగు పెయింటు, ఒక కుంచె పట్టుకుని చక్రాల దగ్గర పీట వేసుకుని కూర్చునేవారు. పాత రంగు గీకడం, తుప్పు తుడవడం ఏమీ లేదు. ఉన్నదాని మీదే ఇంకో పూత. చక్రానికీ రంగే, చక్రాన్ని పట్టి ఉంచే బోల్టులకూ రంగే. పండగనాడు అత్తయ్య ఒక్కొక్క బోల్టుకూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. ఆ తర్వాత కొబ్బరికాయ. అందరూ కారు ముందు ఒక కాయ కొట్టి ఊరుకుంటారు. మావయ్యగారు ఏ చక్రానికా చక్రానికి విడిగా కాయ కొట్టి, ఆ నీళ్ళన్నీ బోల్టుల మీద పోసి అభిషేకం చేసేవారు. తుడవడానికి వీల్లేదు. పూజ చేసినది తుడిస్తే దోషమట, దానంతట అది ఆరి రాలిపోవాలట. కొబ్బరినీళ్ళు ఇనుములోకి దిగి తుప్పు పట్టేవి, మరుసటి ఏడు ఆ తుప్పు మీద మళ్ళీ వెండి రంగు పడేది. టైర్లు మార్పించిన నాటి నుంచి ఆ బోల్టుల మీద పానా పడిన పాపాన పోలేదు. చూడ్డానికి మాత్రం తళతళా మెరిసేవి.

మాదాపూర్ వైపు బండరాళ్ళు పేల్చి అద్దాల మేడలు కడుతున్న రోజులవి. అలాంటి ఒక మేడలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు, స్వీట్లు పంచారు, చుట్టాలకు ఫోన్లు చేసి చెప్పారు. అక్కడికి నేను ఎలా వెళ్ళాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆఫీసు వ్యాను పంజాగుట్ట వైపు వాళ్ళకే ఉండేది. మా వైపు నుంచి వచ్చేవాళ్ళు లేరని ఇటు వేయలేదు. లింగంపల్లిలో షేర్ ఆటో ఎక్కి కొత్తగూడ దాకా వెళ్ళాలి, అక్కడ ఇంకో ఆటో దొరికితే దొరికినట్టు, లేకపోతే కంకర లారీల దుమ్ములో నడక. ఆటో నిండితే గానీ కదలదు. సగం మంది లోపల, సగం మంది బయట వేలాడుతూ. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, టిఫిన్ బాక్సు ఒక చేత్తో పట్టుకుని నేను ఆఫీసుకు చేరేసరికి మిగతావాళ్ళు అప్పటికే పనిలో ఉండేవాళ్ళు. ఒకనాడు మేనేజరు పిలిచి, చాలా మర్యాదగా, దూరం కాబట్టి ఇబ్బందిగా ఉంటే ఉద్యోగం గురించి మరోసారి ఆలోచించుకోమన్నాడు. ఇంకో నెల చూస్తానన్నాడు. అరిచినా బాగుండేది. 

ఆ సాయంత్రమే ఇంట్లో కారు అడిగాను. మావయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టి, ఇవ్వడానికేముందమ్మా, బ్రేకులు సరిగ్గా లేవు కదా, ఆ లారీల మధ్య నీకేమైనా అయితే మేమేం సమాధానం చెప్పాలి అన్నారు. బాగు చేయిద్దామన్నాను. బ్రేకు లైనర్లు మార్చాలంటే చక్రాలు విప్పాలట. సరే, విప్పిద్దాం. ఆ బోల్టులు రావట. ఎందుకు రావు? బిగుసుకుపోయాయట. మా ఆయన టీవీ వైపు నుంచి తల తిప్పకుండా, బోల్టులు రావు కదా మరి, అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అదే మంత్రం. కారు అడిగితే బ్రేకులు, బ్రేకులంటే బోల్టులు. మనిషి కాదంటే మనిషితో పోట్లాడొచ్చు. బోల్టుతో ఏమని పోట్లాడేది?

ఇందులో నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండిన సంగతి ఇంకొకటుంది. బ్రేకుల్లేని ఆ కారునే ప్రతి శనివారం మావయ్యగారు అత్తయ్యను కూర్చోబెట్టుకుని గుడికి నడుపుకుంటూ వెళ్ళేవారు. ఆయన నడిపితే పనికొచ్చే బ్రేకులు నేను నడిపితే ఎందుకు పనికిరావో అడిగాను. నాకు దాని సంగతి తెలుసమ్మా, అది నా మాట వింటుంది అన్నారు. కారు మాట వింటుంది, కోడలి మాట మాత్రం ఎవరూ వినరు.

నేనే వెళ్ళి శేరిలింగంపల్లిలో ఒక మెకానిక్కును బతిమాలి తీసుకొచ్చాను. అతను చక్రం ముందు గొంతుక్కూర్చుని చూసి, పానా తగిలించి ఒక్కసారి తొక్కాడు. బోల్టు కదల్లేదు గానీ దాని తలకాయ మూలలు అరిగి గుండ్రమయ్యాయి. వెండి రంగు పెచ్చులుగా రాలింది. ఆ చప్పుడుకు మావయ్యగారు లుంగీ ఎగ్గట్టుకుంటూ పరుగున వచ్చారు. దసరా దగ్గరకొస్తుంటే పూజ చేసే బండి మీద సుత్తి దెబ్బలేమిటి, పండగ వెళ్ళాక చూసుకుందాం అని అతన్ని పంపేశారు. పంపి ఊరుకున్నారా? రాలిన చోట మళ్ళీ రంగు పూశారు. పండగ వచ్చింది. అత్తయ్య బొట్లు పెట్టింది, ఆయన కాయలు కొట్టారు, నీళ్ళు పోశారు. నేను హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి, కళ్ళకద్దుకోమంటే అద్దుకున్నాను. నా ఉద్యోగం ఊడిపోవడానికి నా చేతే హారతి ఇప్పించారు. పళ్ళు నూరుకుంటూ నిలబడ్డానని ఆ రోజు తీసిన ఫోటోలో ఇప్పటికీ స్పష్టంగా తెలుస్తుంది.

పండగ వెళ్ళిన శనివారం వాళ్ళిద్దరూ గుడి నుంచి తిరిగొస్తున్నారు. మా కాలనీకి దిగే వాలులో ఎవరో ఇల్లు కట్టుకోవడానికి ఇసుక పోయించారు. మావయ్యగారు బ్రేకు తొక్కితే కారు ఆయన మాట వినలేదు. వెళ్ళి వెళ్ళి ఇసుక కుప్పలోకి దిగబడింది. ఇసుక కాబట్టి సరిపోయింది, పక్కనే కంకర గుట్ట. మావయ్యగారికి ఏమీ కాలేదు. అత్తయ్య డాష్‌బోర్డు మీద చెయ్యి ఆనించుకున్నట్టుంది, ఎడమ మణికట్టు బూరెలా వాచింది. దవాఖానలో కట్టు కట్టించి తీసుకొచ్చాం. ఎముక విరగలేదని డాక్టరు చెప్పాక గానీ మా ఆయన ముఖంలోకి నెత్తురు రాలేదు.

ఇంటికొచ్చాక మావయ్యగారు కాలనీ కుర్రాళ్ళ చేత కారును ఇసుకలోంచి లాగించి షెడ్డులో పెట్టించారు. ఆ తర్వాత, ఇంత కొత్తగా మెరుస్తుంటే దిష్టి తగలదా, రేపు గుమ్మడికాయ తిప్పి కొడదాం, నిమ్మకాయలు కూడా మార్చాలి అన్నారు. నాకు నోటిదాకా వచ్చిన మాటలు నేను అనేలోపే అత్తయ్య అందుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ఆయనకు ఎదురు చెప్పగా నేను వినలేదు.

"దిష్టి తగిలింది కారుకు కాదండీ, నా చేతికి. రేపు ఆ చక్రాలు ఊడదీయించండి. లేదంటే ఇక నేను ఆ కారు ఎక్కను, దానికి బొట్టూ పెట్టను."

ఆదివారం పొద్దున్నే మెకానిక్కును మళ్ళీ తీసుకొచ్చాను. అత్తయ్య షెడ్డు పక్కన కుర్చీ వేయించుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ అక్కడుంటే మావయ్యగారు అడ్డం రారు. మెకానిక్కు బోల్టుల మీద కిరసనాయిలు పోసి నానబెట్టి, రంగు గీకాడు. గీకే కొద్దీ పొరలు. వెండి రంగు, దాని కింద పసుపు, దాని కింద ఎర్రటి తుప్పు, మళ్ళీ వెండి రంగు. ఏ దసరాకు ఆ దసరా వరసగా ఉంది. అతను తల గోక్కుని నా వైపు కాకుండా ఇంటి గుమ్మం వైపు చూశాడు.

"గివి గిట్ల రావమ్మా, ఇరగ్గొట్టాలె. జర సారును పిలువుండ్రి, అడిగి కొడ్త."

"కారు నడిపేది నేను. ఏమి అడగాలన్నా నన్నే అడుగు" అన్నాను.

గుమ్మంలో మా ఆయన ఉన్నాడు. చేతిలో కాఫీ గ్లాసుంది. ఏమీ అనలేదు. ఆ మౌనం కూడా నాకు కోపమే. ఔననైనా, కాదనైనా అనాలి కదా మనిషన్నాక.

మెకానిక్కు పానాకు పొడుగాటి ఇనుప గొట్టం తగిలించాడు. గొట్టం కొసను అతను పట్టుకున్నాడు, పక్కనే కొంగు నడుముకు దోపుకుని నేను పట్టుకున్నాను. నెలల తరబడి లోపల దాచుకున్నదంతా ఆ గొట్టం మీద పెట్టి లాగాను. షేర్ ఆటోలో నా పక్కన ఒరిగి కూర్చునే మగాళ్ళు, మేనేజరు మర్యాద, టీవీ వైపు తిరిగిన ఆ తలకాయ, అన్నీ గుర్తు తెచ్చుకుని మరీ లాగాను. మొదటి బోల్టు తలకాయ తుపాకీ పేలినట్టు చప్పుడు చేసి విరిగి నా కాళ్ళ దగ్గర పడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కొన్ని అలా విరిగాయి, కొన్నిటిని ఉలి పెట్టి కొట్టాడు, ఇంకొన్నిటిని మంట పెట్టి ఎర్రగా కాల్చి తిప్పాడు. లోపల ఇరుక్కున్న ముక్కల్ని డ్రిల్లు పెట్టి తీయడానికి మధ్యాహ్నం దాటింది. మావయ్యగారు ఒక్కసారి బయటికి వచ్చి, నేల మీద పడి ఉన్న బోల్టు తలకాయల్ని చూసి, ఇంట్లో మనిషి పోయినట్టు ముఖం పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. జాలి వేయాల్సింది. వేయలేదు.

కొత్త లైనర్లు వేశాడు. కొత్త బోల్టులకు గ్రీజు పూసి బిగించాడు. చివరి చక్రం దగ్గర అత్తయ్య కుర్చీలోంచి లేచి వచ్చి, తనూ ఒకటి బిగిస్తానంది. బాగున్న చేత్తో బోల్టును తిప్పుతూ, ఇన్నేళ్ళు వీటికి బొట్లు పెట్టాను గానీ ఇవి తిరుగుతాయని నాకు తెలియదు అమ్మాయ్ అంది. నేను కారు బయటికి తీసి వాలు దాకా వెళ్ళి బ్రేకు తొక్కి చూశాను. ఎక్కడికక్కడ ఆగింది. సోమవారం పొద్దున అద్దాలు దించుకుని ఆఫీసుకు ఎలా వెళ్ళాలో అప్పుడే మనసులో అనుకున్నాను.

సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, వాళ్ళ నాన్నతో మాట్లాడుతున్నట్టుగా, నాకు వినపడేట్టుగా అన్నాడు.

"ఇప్పుడు బ్రేకులు బాగున్నాయిగా, రేపట్నుంచి నేను తీసుకెళ్తాను. స్కూటరు మీద నడుం పడిపోతోంది. తనకెలాగూ ఆటోలు అలవాటయ్యాయి."

మావయ్యగారు అదీ నిజమేరా అన్నారు. నేను నడుపుతానంటే లారీలు, కంకర, నీకేమైనా అయితే అన్నీ ఉండేవి. కొడుకు నడుపుతానంటే ఆ లారీలన్నీ ఎక్కడికి పోయాయో. తాళంచెవి అప్పటికే మా ఆయన చొక్కా జేబులో ఉంది. నేను కంచాలు తీయడానికి లేచాను. నోరు తెరిస్తే ఏడుస్తానని తెలుసు. ఆ పూట ఏడవడం నాకిష్టం లేదు. కంచాలు ఒకదాని మీద ఒకటి చప్పుడయ్యేట్టు పడేశాను. అది బాధతో కాదు, చెప్పాను కదా, కోపంతో.

సోమవారం తెల్లవారుతూనే లేచి షెడ్డులోకి వెళ్ళాను. డిక్కీకి తాళం సరిగ్గా పడదని ఇంట్లో అందరికీ తెలుసు. అందులోంచి జాకీ, పానా తీశాను. ముందు చక్రం బోల్టులు వదులు చేసి, జాకీ ఎత్తి, కారు కింద రాయి పెట్టాను. కొత్త బోల్టులు, కొత్త గ్రీజు, వేళ్ళతో తిప్పితే వచ్చేశాయి. ఏ బోల్టులు రావని నన్ను అన్నాళ్ళు ఆపారో వాటి చోట బిగించినవే ఇవి. చక్రాన్ని దొర్లించుకుంటూ వరండాలోకి తెచ్చేసరికి అత్తయ్య ముగ్గు గిన్నెతో ఎదురుపడింది. నన్ను చూసింది, చక్రాన్ని చూసింది, షెడ్డులో ఒక పక్కకు ఒరిగిన కారును చూసింది. తిడుతుందనుకున్నాను. ముగ్గు గిన్నె కింద పెట్టి కొంగు చాపింది.

"చక్రం గోడకు పెట్టు. బోల్టులు ఇందులో వెయ్యి" అంది.

వేశాను. ఒంటి చేత్తో ముడి వేయలేకపోతే నేనే వేసిపెట్టాను. గ్రీజు మరకలు ఆ చీరకు జన్మలో పోవని ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఆ ముడిని బొడ్లో దోపుకుని, చక్రం పక్కనే కుర్చీ వేసుకుని, గోంగూర కట్ట విప్పి ఆకు తుంచుతూ కూర్చుంది. నేను స్నానం చేసి, తల దువ్వుకుని, ఆఫీసు సంచి తగిలించుకుని వచ్చి నిలబడ్డాను.

మా ఆయన ఇస్త్రీ బట్టలతో, చేతిలో తాళంచెవి తిప్పుకుంటూ షెడ్డులోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే వెనక్కి వచ్చాడు. వరండాలో చక్రం కనిపించింది. నా వైపు చూసి, బోల్టులేవీ అన్నాడు. అత్తయ్య ఆకు తుంచడం ఆపకుండానే జవాబు చెప్పింది.

"నా దగ్గరున్నాయిరా. ముందు తాళంచెవి దానికివ్వు."

ఏమిటమ్మా ఇది అన్నాడు. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి గోంగూర మీద నుంచి తీసి, కొడుక్కి కనిపించేలా కుర్చీ చేతి మీద పెట్టింది. మావయ్యగారు లోపల్నుంచి వచ్చి ఆ చెయ్యి చూశారు, ఆవిడ ముఖం చూశారు. ఇవ్వరా అన్నారు, నేల చూపులు చూస్తూ.

తాళంచెవి నా చేతిలో పడ్డాక ఆవిడ ముడి విప్పి బోల్టులు ఒక్కొక్కటిగా అందించింది. చక్రం ఎత్తి పట్టుకోవడానికి మనిషి కావాలంటే మా ఆయనే పట్టాడు. ఇస్త్రీ ప్యాంటు మీద నల్లటి మరకలు పడ్డాయి. నేను అయ్యో అనలేదు. బిగించి, జాకీ దించి, పానా డిక్కీలో పెట్టబోతుంటే అత్తయ్య చెయ్యి చాపి తీసేసుకుంది. ఆ రోజు నేను వెళ్ళేసరికి మేనేజరు కూడా ఇంకా రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్తే, గోడకు వరసగా కొట్టిన మేకులకు గరిటె, అట్లకాడ, వాటి పక్కనే పానా వేలాడుతున్నాయి. నేను ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ అది అక్కడే ఉంది.